అలైన్‌మెంట్‌లో లేని ఇల్లు

హెప్సిబా కొత్త పియానో కృతి కోసం మిషన్ కాంపౌండ్ వెనక వీధుల్లోని ఇళ్ళ శబ్దాలను ప్రజాప్రయోజనం కింద సేకరిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటన ఇచ్చినప్పుడు, తబిత ఇల్లు అలైన్‌మెంట్‌లోకి రాలేదు. పటం మీద గీసిన హద్దు గీత సరిగ్గా ఎదురింటి నాగరత్నం గారి ప్రహరీని కలుపుకుని, అక్కడ వంపు తిరిగి, పాలబూత్ వైపు వెళ్ళిపోయింది.

విశాఖపట్నంలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఉన్న స్వరాలన్నీ పాతవాళ్ళు వాడేసి వెళ్ళారు కాబట్టి, కొత్త సంగీతం రాయాలంటే ఎక్కడో ఒకచోటి నుంచి శబ్దం తీసుకోవలసిందే. తీసుకున్న శబ్దం ఇక పాతచోట ఉండదు. హెప్సిబా మొదటి కృతికి సముద్రతీరంలో కొంతమేర అలల హోరు ఇచ్చారు. ఇప్పటికీ అక్కడ అలలు చడీచప్పుడు లేకుండా వచ్చి వెనక్కి పోతాయి. జనం మామూలుగానే వెళ్ళి మొక్కజొన్న పొత్తులు తింటారు. రెండో కృతికి ఒక రైల్వే గేటు గంట పోయింది. ఆ కృతిని ఆమె వియన్నాలో వాయించి వచ్చింది. కలెక్టరు గారు విమానాశ్రయానికి వెళ్ళి దండ వేశారు. గేటు దగ్గర మాత్రం జనం అటూ ఇటూ చూసుకుని పట్టాలు దాటడం అలవాటు చేసుకున్నారు.

హెప్సిబా వియన్నా వెళ్ళినప్పుడు తబిత పేపర్లోని ఆ ఫోటోను పప్పు డబ్బా కింద పరిచి, సర్దుకుంది. ఇద్దరూ మిషన్ స్కూల్లో పక్కపక్కన కూర్చుని మార్తా టీచరు దగ్గర పియానో నేర్చుకున్నారు. హెప్సిబాకి పట్టుదల ఉంది, తబితకి వేళ్ళున్నాయి అనేది టీచరు. పెళ్ళయ్యాక ఆ వేళ్ళు ఆదివారం చర్చిలో కీర్తనలకీ, మిగతా వారమంతా చేపల పులుసుకీ సరిపోయాయి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత పియానో సముద్రపు గాలికి ఉబ్బి, కొన్ని మెట్లు నొక్కితే పైకి లేచేవి కావు. అయినా మధ్యాహ్నాలు దాని ముందు కూర్చునేది. ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. నాగరత్నం గారి రుబ్బురోలును మాత్రం ఓర్చుకోలేకపోయింది.

రోలు చప్పుడు ఇచ్చినందుకు నాగరత్నం గారి గేటుకు ఇత్తడి పలక బిగించారు. ఈ ఇంటి శబ్దం సంగీతానికి అంకితం అని దాని మీద చెక్కి ఉంటుంది. ఆవిడ దాన్ని రోజూ చింతపండు పెట్టి తోమేది. లోపల పప్పు రుబ్బుతుంటే పొత్రం మూగగా తిరిగేది.

"రెండో భాగమంతా మా రోలేనట తబితా," అంది ఆవిడ ఒకనాడు పలక తుడుస్తూ. "హెప్సిబా నీతో చెప్పలేదేటి? ఒకే బెంచీ కదా మీరు."

"తనకి తీరికెక్కడిదండీ."

"అదీ నిజమేలే. అయినా మీ ఇంట్లో చప్పుళ్ళేటున్నాయి పాపం. మీ ఆయన మాటాడడు, నువ్వూ మాటాడవు."

ఆ రోజు నుంచి తబిత గిన్నెలు ఎత్తి పడేయడం మొదలుపెట్టింది. కుక్కరు చేత అవసరానికి మించి కూతలు పెట్టించింది. కిర్రుమంటున్న గేటుకు నూనె వెయ్యబోతే భర్త ప్రభుదాసు చేతిలోంచి సీసా లాక్కుంది. పోర్టు ఆఫీసులో గుమస్తా అయిన ప్రభుదాసు ఇదేమిటని అడగలేదు. ఎదురింటి పలక అతనూ రోజూ చూస్తూనే ఉన్నాడు. తన వంతుగా గురక కాస్త పెంచడానికి ప్రయత్నించాడు.

ఎవరూ రాకపోయేసరికి తబితే ధ్వని సేకరణ కార్యాలయానికి వెళ్ళింది. తమది పోతోందని ఏడ్చేవాళ్ళు వెళ్ళే కార్యాలయాలు ఊళ్ళో వేరే ఉన్నాయి. ఇక్కడికి తమది పోలేదని ఏడ్చేవాళ్ళే వస్తారు. స్పెషల్ ఆఫీసరు పైడిరాజు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మాకు పియానో ఉందండీ," అంది తబిత.

"పియానో ఆవిడ కాడా ఉంది కదమ్మా. ఆవిడ కాడ లేనిది కావాలి."

"నేనూ ఆవిడా ఒకే టీచరు దగ్గర నేర్చుకున్నాం."

"ఆ మాట చెప్పినోళ్ళు చాలామందే వచ్చారు," అన్నాడు పైడిరాజు. "సరే, సర్వేకి వస్తాను. ఉంటే తీసుకుంటాం, లేపోతే లేదు. తర్వాత నన్నేటీ అనకూడదు."

అతను కొత్త శబ్దాన్ని పసిగట్టే మీటరు పట్టుకుని స్వయంగా వచ్చాడు. కుక్కరు విన్నాడు. గేటు తెరిచి మూసి చూశాడు. ప్రభుదాసును పట్టపగలు మంచం మీద పడుకోబెట్టి గురక పెట్టించాడు. మీటరు ముల్లు కదల్లేదు. "ఇవన్నీ ప్రతి కొంపలోనూ ఉన్నవేనమ్మా," అన్నాడు. తబిత మొహం చూపించలేక, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు మరిగేదాకా పొయ్యి గట్టు దగ్గర నిలబడింది. ఎప్పటిలాగే ఆమె వేళ్ళు గట్టు మీద ఏదో వాయించసాగాయి.

పైడిరాజు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మీటరు ముల్లు ఆ చివరికి వెళ్ళి కొట్టుకుంటోంది.

"ఆపకండి. ఏటది?"

తబిత తన చేతుల వైపు చూసుకుంది. "ఏం లేదండీ. ఊరికే."

"ఎన్నాళ్ళనించి కొడతన్నారు?"

"పెళ్ళైనప్పటి నుంచీ."

"ఇది ఆవిడ కాడ లేదు," అన్నాడు పైడిరాజు.

తబితకు ఆ ఒక్క మాట చాలు. వేళ్ళ శబ్దం అంటే గట్టు మీది చప్పుడొకటే కాదనీ, నిబంధనల ప్రకారం ఆ చేతుల నుంచి పుట్టేదంతా అందులోకే వస్తుందనీ అతను వివరిస్తుంటే ప్రభుదాసు ఏదో అడగబోయాడు. "ఉండండి, ఆయన చెప్తున్నారుగా," అని తబిత సంతకం పెట్టేసింది.

గేటుకు పలక బిగించిన మధ్యాహ్నం ఆమె పియానో ముందు కూర్చుంది. మెట్లు దిగాయి, లేచేవి లేచాయి. ఏమీ వినిపించలేదు. కూతురు కెజియా బడి నుంచి వచ్చి, "అమ్మా, పియానో పాడైందా?" అని తనూ ఒక మెట్టు నొక్కింది. అది ఖంగున మోగింది.

"పాడవలేదమ్మా. ఇచ్చేశాం," అని తబిత మూత దించింది.

ఆ ఆదివారం నుంచి చర్చిలో కీర్తనలకు వేరే అమ్మాయి వాయిస్తోంది. తబిత బెంచీ మీద కూర్చుని పాడుతోంది. గీతకు అవతల ఉండిపోయిన ఇళ్ళ ఆడవాళ్ళు కొందరు ఆమెతో మాటలు మానేశారు. అది ఆమె ఒంటికి బాగా పట్టింది. రెండు నెలల్లో కాస్త ఒళ్ళు కూడా చేసింది.

కచేరీ రోజున శబ్దాలిచ్చినవాళ్ళకు ముందు వైపు కుర్చీలు కేటాయించారు. తబితకు ఒకపక్క నాగరత్నం గారు, ఇంకోపక్క కెజియా. హెప్సిబా తెల్లపట్టు చీరలో వచ్చి, అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి కూర్చుంది. మూడో భాగంలో ఆమె ఎడమచెయ్యి మొదలయ్యేసరికి తబిత గుర్తుపట్టింది. పాలు పొంగేదాకా, అన్నం వార్చేదాకా, ప్రభుదాసు ఇంటికి వచ్చేదాకా తను గట్టు మీద వాయించినదంతా అక్కడుంది. హెప్సిబా ఎక్కడా తప్పు పోలేదు. హాల్లో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. హెప్సిబా మీద, ఆమె చీర మీద, ఆమె వియన్నా మీద ఇన్నేళ్ళూ పడ్డ కుళ్ళు ఒక ఎత్తు, ఈ క్షణం ఒక ఎత్తు. మొట్టమొదటిసారి తబితకు తన వేళ్ళ మీదే కుళ్ళు పుట్టింది. అవి ఎంత దూరం వెళ్ళిపోయాయో.

చివర్లో హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తబితా కొట్టింది. అరచేతులు ఎర్రబడేలా కొట్టింది. ఆ చేతుల్లోంచి చిన్న చప్పుడైనా రాలేదు.

నాగరత్నం గారు ఆమె వైపు వంగారు. "చేతులలా ఉత్తినే ఆడిస్తే సరా? కడుపుమంట ఉన్నా పదిమందిలో కాస్త గట్టిగా కొట్టాలమ్మా. పైకి తెలిసిపోతాది."

"మీ రోలు ఏ భాగంలో వచ్చిందన్నారండీ?" అంది తబిత. "నాకు వినపడలేదు."

నాగరత్నం గారి చప్పట్లు ఆగిపోయాయి.

జనం కూర్చుంటున్నారు. తల్లి అరచేతులు ఇంకా మూగగా ఒకదాన్నొకటి కొట్టుకోవడం చూసి కెజియాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక ఫక్కున నవ్వింది. సద్దుమణిగిన హాల్లో ఆ నవ్వు పైకప్పు దాకా వెళ్ళి దిగింది. ముందు వరుసలోంచి పైడిరాజు వెనక్కి తిరిగాడు. వేదిక మీద హెప్సిబా కూడా తలెత్తి, ఆ సాయంత్రానికి మొదటిసారిగా, తబిత వరుస వైపు చూసింది. చూసిందన్న సంగతి నాగరత్నం గారు కూడా చూశారు.

తబిత కూతురి జడలు ముందుకు వేసి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది.

"ఇంకోసారి నవ్వమ్మా," అంది. "గట్టిగా. వాళ్ళు చూస్తున్నారు."