వెంట వచ్చిన మూడో తరగతి గది

జూలై రెండో సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి, ఉప్పలదిబ్బ పట్నంలోని ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి ‘బి’ సెక్షన్ గది, మోక్షిత ఆ రోజు కూడా రాలేదని గమనించి, ప్రహరీ దాటి, మూడు వీధులు నడిచి వచ్చి వాళ్ల ఇంటి ముందు నిలబడింది. బయలుదేరేముందు లోపలున్న నలభై మంది పిల్లల్నీ, బెంచీల్నీ, టీచరునీ జాగ్రత్తగా అక్కడే దించి వచ్చింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు, రేకుల కప్పు, ఒక నల్లబల్ల, రెండు కిటికీలు. రెండో కిటికీ రెక్కలకి మేకులు కొట్టి ఉన్నాయి.

మోక్షిత తల్లి పద్మలత అట్లకాడ చేత్తో పట్టుకునే బయటికి వచ్చి చూసింది. ఎదురింటి వరాలమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది.

“పద్మా, మీ గదిని కాస్త పక్కకి జరగమనవే. మా ముగ్గు తొక్కేస్తోంది.”

గది రెండడుగులు జరిగింది. మర్యాద తెలిసిన గదే.

అసలు పేచీ ఆ రెండో కిటికీ దగ్గర మొదలైంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు మోక్షిత దాని పక్కన కూర్చుని, ప్రహరీ అవతలి మడుగులో దిగే కొంగల్ని లెక్కపెట్టేది. టీచరు ముందు పిల్ల చోటు మార్చింది, తర్వాత కిటికీ మూయించింది, ఆ తర్వాత మేకులు కొట్టించింది. ‘నేను కిటికీలోంచి చూడను’ అని రెండువందల సార్లు రాయించింది కూడా. ఇరవై రోజులు గడిచేసరికి, నిద్రలో సైతం వసపిట్టలా వాగే పిల్ల ఇంట్లో మంచినీళ్లు తాగడానికి చెయ్యెత్తి పర్మిషన్ అడగడం మొదలెట్టింది. ఎనిమిదేళ్ల కూతురు వంటింటి గుమ్మంలో చెయ్యెత్తి నిలబడితే, పద్మలత ఆ చెయ్యి దించి తనే గ్లాసు అందించింది. మర్నాడే బడి మానిపించింది. మొగుడు గోవర్ధన్ కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. నెలలో మొదటి పన్నెండు రోజులు పోతే మిగతాదంతా తీరికే. ఇద్దరం కలిసి ఇంట్లోనే చదువు చెప్పుకుందాం, ఊరంతా తిప్పి చూపిద్దాం అన్నాడు.

పదింటికి హెడ్మిస్ట్రెస్ ఫోను చేసింది.

“గది చేరిందా అమ్మా?”

“చేరింది మేడమ్. వాకిట్లో ఉంది.”

“సరే అయితే. పాపకి టీసీ తీసుకోకుండా మానిపించారు గదా, రోలు నంబరు పదిహేడు ఇంకా నడుస్తానే ఉంది. రిజిస్టర్లో పేరున్న పిల్ల గదిలో ఉండాలని రూలు. పిల్ల రాకపోతే గదే వెళ్లాలి మరి.”

“ఆ టీసీ ఏదో ఇప్పించండి మేడమ్.”

“ఏప్రిల్లో ఇస్తాం. మధ్యలో ఇచ్చే పద్ధతి లేదు.”

మొర పెట్టుకోవడానికి వెళ్తే, విద్యాశాఖ ఆఫీసులో భుజంగరావు అనే గుమాస్తా ఇలాంటివి చాలా చూసినవాడిలా ఫారం తీశాడు. ఇంటి చదువుకి ప్రభుత్వానికి అభ్యంతరం లేదనీ, పైగా ఇష్టమేననీ చెప్పాడు. కుటుంబ అభ్యసన కార్యక్రమాలు మొత్తం తొమ్మిది చెయ్యాలి. కుటుంబమంతా కలిసి చెయ్యాలి, సంతోషంగా చెయ్యాలి, తరగతి గది బయట చెయ్యాలి. మార్చి ఆఖరులోపు తొమ్మిదీ పూర్తికాకపోతే పాపని తిరిగి ఆ గదిలోనే కూర్చోబెడతారు.

“ఆ గది మా వెంటే వస్తోందండీ,” అంది పద్మలత. కిటికీలోంచి చూస్తే అది ఆఫీసు మెట్ల దగ్గర, సైకిళ్ల పక్కన నిలబడి ఉంది.

“రానివ్వండమ్మా, దాన్ని మనం కాదనలేం. మీరు మాత్రం దాని బయట ఉండండి.”

వినడానికి తేలిగ్గానే ఉంది. మొదటి కార్యక్రమం రైతు బజారులో తూకాలు. చేత్తో పట్టుకుని బరువు చెప్పాలి, తర్వాత తూచి చూసుకోవాలి. మోక్షిత నాలుగు వంకాయలు పట్టుకుని, ఆలోచించి, “పావు కిలో” అంది. తూస్తే పావు కిలో మీద ఒక్క ముచ్చిక ఎక్కువ. గోవర్ధన్ ఎగిరి గంతేశాడు. సరిగ్గా ఆ క్షణాన గది వెనకనుంచి వచ్చి, వాళ్ల ముగ్గురి మీదా, తక్కెడ మీదా, కూరగాయలమ్మే చిట్టెమ్మ మీదా మెల్లగా దిగింది.

“అమ్మయ్య, నీడొచ్చింది,” అంది చిట్టెమ్మ. “రోజూ తీసుకురండమ్మా దీన్ని.”

భుజంగరావు ఫారం చూసి, సంతోషం అన్న గడిలో ‘ఉన్నది’ అని రాసి, స్థలం అన్న గడిలో ‘గది లోపల’ అని రాసి, మొత్తం మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాడు. పాపం ఆయనకీ బాధగానే ఉన్నట్టుంది, గీత కొంచెం వంకరపోయింది.

రెండోసారి సముద్రానికి వెళ్లారు. కండక్టరు గదికి టికెట్టేదని అడిగితే, అది నడిచొస్తుందని గోవర్ధన్ చెప్పాడు. ఒడ్డున పది నిమిషాలకోసారి అల ఎంతవరకు వస్తే అక్కడ పుల్ల గుచ్చి, ఆటుకి నీరు ఎంత తగ్గిందో కొలవాలని పద్మలత ఆలోచన. నాలుగో పుల్ల గుచ్చేసరికి గది వచ్చి కూర్చుంది. నీళ్లు గది గుమ్మంలోంచి వచ్చి నల్లబల్ల కిందుగా తిరిగి వెళ్తున్నాయి. రెండు ఎర్ర పీతలు హాజరు పట్టీ వేలాడదీసే మేకుదాకా గోడెక్కి, దిగిపోయాయి. అది చూసి మోక్షిత పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఇంటిల్లిపాదీ విన్న మొదటి నవ్వు అది. పద్మలత కళ్లు తుడుచుకుంది. ఆఫీసులో దాన్నీ కొట్టేశారు.

అలా అక్టోబరు దాకా ఆరు కార్యక్రమాలు చేశారు, ఆరూ ఎర్రగీతలయ్యాయి. గోవర్ధన్ పెరటి సందులోంచి పోదామన్నాడు. పోతే, పోస్టాఫీసు ముందు గది వాళ్లకంటే ముందే చేరి కాళ్లు బారజాపుకుని ఉంది. ఉత్తరాలు ఎలా విడగొడతారో చూడటానికి వాళ్లు పోస్టాఫీసుకి వస్తున్నట్టు దానికెలా తెలిసింది? ఇంటికొచ్చాక మోక్షితే కనిపెట్టింది.

“అమ్మా, నువ్వు టైం టేబుల్ రాసి గోడకి అంటించావు గదా. అది కిటికీలోంచి రోజూ చదువుకుంటోంది.”

నిజమే. ఇంటి చదువు మొదలెట్టిన రోజే పద్మలత తెల్ల కాగితం తీసుకుని, స్కేలు పెట్టి గీతలు గీసి, తొమ్మిదీ పదికి ప్రార్థన, పది గంటలకి తూకాలు, పదకొండింటికి పోస్టాఫీసు అని రెండు రంగుల్లో రాసింది. ఇంట్లో చదువన్నాక కూడా ఒక పద్ధతి ఉండాలిగా అనుకుంది. పిల్లని బడి మానిపించిన తల్లులందరూ ముందు చేసేది ఆ పనే. కాగితం చించేద్దామని గోడ మీంచి ఊడదీసింది కానీ, చెయ్యి రాలేదు. నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల కింద దాచింది.

మర్నాడు తొమ్మిదీ పదికి గది ఎటు పోవాలో తెలియక వాకిట్లోనే తచ్చాడింది. ఆ తర్వాత వాళ్లు ఎటు కదిలితే అటు, ఒకింత వెనకగా, వేలు పట్టుకోనివ్వని పిల్లలా వచ్చేది. చూస్తే జాలేసేది. జాలేస్తే మాత్రం ఏం లాభం, వాళ్లు కూర్చున్న చోటల్లా పైన దిగుతూనే ఉంది. డిసెంబరు వచ్చింది. తొమ్మిదింటిలో ఒక్కటీ కాలేదు. మోక్షిత ఇప్పుడు చెయ్యెత్తకుండానే నీళ్లు తాగుతోంది, తాగుతూ మాట్లాడుతోంది, పొలమారుతోంది కూడా. ఏప్రిల్ వచ్చాక ఈ పిల్ల మళ్లీ గుమ్మంలో చెయ్యెత్తి నిలబడుతుందేమో అన్న తలపు వస్తే పద్మలతకి చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

సంక్రాంతి సెలవులు వెళ్లాక, పక్క ఊళ్లో మస్తాన్‌వలి అద్దకం వేసే చోటికి వెళ్లారు. గుడ్డని కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కుండలో ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. చెక్క అచ్చు ఆ రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. ఆవరణ నిండా గుడ్డలు పరిచి ఉన్నాయి. మస్తాన్‌వలి దూరంనుంచే గదిని చూశాడు.

“అమ్మా, మీ గదిని కంచె అవతలే ఆపండి. ఎండ తగలకపోతే గుడ్డ పాడైపోద్ది. నేనొప్పుకోను.”

ఇన్నాళ్లలో దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. గది కదా, గదిని ఎవరాపుతారు? మోక్షిత కంచెదాకా పరిగెత్తి, రెండు చేతులూ చాపి దానికి అడ్డంగా నిలబడింది.

“నువ్విక్కడే ఉండు. చూడాలనుంటే కిటికీలోంచి చూడు. ఎవరూ ఏమీ అనరు.”

గది ఆగింది. తర్వాత రెండో కిటికీ కిర్రుమంది. మేకులు ఒక్కొక్కటే ఊడి ఇసకలో పడ్డాయి, రెక్కలు తెరుచుకున్నాయి. అది కట్టి పద్నాలుగేళ్లయిందట, కిటికీలోంచి చూడొచ్చని దానికి ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మోక్షిత మేకులు ఏరుకొచ్చి ఇచ్చింది. తుప్పు మేకులంటే మస్తాన్‌వలికి ప్రాణం, తీసుకుని కుండలో వేసుకున్నాడు. వారం పోయాక ఆ నల్లరంగుతోనే మోక్షిత ఒక చేతిరుమాలు మీద కొంగని అచ్చువేసింది. అది బడిలో తన పక్కన కూర్చునే ఆసియా కోసం. మిగిలిన రంగుతో గది గోడ మీద కూడా ఒక పువ్వు అద్దింది. గది కదలకుండా వేయించుకుంది.

గోవర్ధన్ టేపు పెట్టి కొలిచి, గదికీ పిల్లకీ మధ్య దూరం పదకొండు అడుగులని ఫారంలో రాశాడు. భుజంగరావు మూడుసార్లు చదివి, సొరుగులో వెతికి నీలం సిరా పెన్ను తీశాడు. ఆ రోజు నుంచి బండి గాడిన పడింది. ఉప్పుమళ్లలో పిట్టల్ని లెక్కపెట్టారు, వీధి కాలవ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నడుచుకుంటూ పోయి పటం గీశారు, చిట్టెమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లి తూకాలు తూచారు. ఎక్కడికెళ్లినా గది పదకొండు అడుగుల దూరంలో ఆగి, రెండు కిటికీలూ బార్లా తెరిచి చూసేది. ఖాళీగా ఉన్న పూట వరాలమ్మ దాని కప్పు మీద వడియాలు పెట్టుకునేది. మార్చి ఇరవై ఆరుకి తొమ్మిదో నీలం సంతకం పడింది. ఆ సాయంత్రం పద్మలత పాయసం చేసి, గది గుమ్మంలో కూడా ఒక గిన్నె పెట్టింది. ఇంత హాయిగా ఉన్న ఏడాది ఆమెకి గుర్తులేదు.

ఏప్రిల్ మొదటి వారంలో టీసీ తీసుకోవడానికీ, గదిని అప్పజెప్పడానికీ తల్లీ కూతుళ్లు బడికి వెళ్లారు. గది గేటు బయట ఆగింది. హెడ్మిస్ట్రెస్ టీసీ రాసి, ముద్ర వేసి చేతికిచ్చింది.

“గదిని ఎక్కడ దింపమంటారు మేడమ్?”

“ఎక్కడ దింపుతారమ్మా? అక్కడ క్లాసు జరుగుతోంది గదా.”

పద్మలత అటు చూసింది. ‘బి’ సెక్షన్ ఉండాల్సిన చోట ఆరుబయట, ఎర్రటి ఎండలో, బెంచీలు వరసగా ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. టీచరు నల్లబల్ల ఉండే చోట గాలిలో సుద్దముక్కతో రాస్తోంది, పిల్లలు దించుకుంటున్నారు. గోడలుండే గీత మీద ఒక్క గడ్డిపరక లేదు, దానికి అవతలంతా ఏపుగా ఉంది. మడుగులోంచి వచ్చిన కొంగలు బెంచీల మధ్య తిరుగుతూ పిల్లల కాళ్ల దగ్గర పురుగులు ఏరుకుంటున్నాయి. ఒక్కరూ తల తిప్పడం లేదు.

“కొంగల్ని చూడరా?” అంది పద్మలత.

“ఆ వైపు కిటికీ మూయించాం గదమ్మా.”

“వానాకాలంలో తడిసిపోలేదా?”

“తడిశారు. ఒక్కరు లేస్తే ఒట్టు. బంగారంలాంటి క్లాసు,” అంది హెడ్మిస్ట్రెస్, మురిసిపోతూ. “నిజం చెప్పాలంటే గది లేకపోయినా ఏం తేడా రాలేదు. వచ్చే ఏడు మిగతావి కూడా పంపించేద్దామనుకుంటున్నాం. సున్నాలు వేయించే బాధ తప్పుతుంది. దాన్ని మీరే ఉంచేసుకోండి.”

మోక్షిత చేతిరుమాలు పట్టుకుని ఆసియా వైపు పరుగు తీసింది. ఏడాదంతా ఎండలో తిరిగి నల్లబడ్డ కాళ్లు, బాణంలా పోతోంది. పద్మలత కడుపు నిండినట్టు చూస్తూ నిలబడింది. ఆసియా మూడో బెంచీలో, పది అడుగుల్లో ఉంది. చుట్టూ ఎటునుంచైనా వెళ్లొచ్చు.

మోక్షిత, తలుపు ఉండే చోటికి చుట్టు తిరిగి వెళ్లి, టక్కున ఆగింది. చెయ్యెత్తింది.

“మే ఐ కమిన్, టీచర్?”

టీచరు గాలిలో రాస్తూనే ఉంది, వినబడలేదు. పిల్ల ఎత్తిన చెయ్యి దించలేదు.

పద్మలత చేతిలోని టీసీని బొడ్లో దోపుకుంది. ‘పోవే, అక్కడ తలుపెక్కడుంది, పో లోపలికి’ అని అరుస్తూ పిల్లని రెక్క పట్టుకుని తీసుకెళ్దామని గబగబా నడిచింది. గీత దాకా వచ్చింది. అక్కడ ఒక పక్కగా చెప్పులు విడిచి, జతగా సర్దిపెట్టి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, కూతురి పక్కన నిలబడింది.

గేటు బయట గది రెండు కిటికీలూ తెరుచుకుని ఎదురుచూస్తోంది. టీచరు ఇటు తిరిగేదాకా తల్లీ కూతుళ్లు అక్కడే నిలబడ్డారు.