పత్తి పొర అదృశ్యం

గుంటూరు జిల్లా పత్తితో తయారయ్యే ఏ వైద్య పరికరమూ ఇకమీదట కరగరాదని 2006 ఫిబ్రవరిలో పత్తి పరిశోధన ప్రోత్సాహక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతిపాదించిన జయరావు గారు సంఘానికి అధ్యక్షులు, పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లుకు యజమాని. శాస్త్రంతో ఆయనకు పూర్వపరిచయం లేదు కనుక నిష్పాక్షికంగా ఆలోచించగలిగారు.

ఇంత అవసరం తెచ్చిపెట్టింది డాక్టర్ అనూష. గుంటూరులోని ఒక కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పే ఆవిడ, పత్తిలోని సెల్యులోజును రసాయనాలతో మార్చి ఉల్లిపొరంత పలచటి పొర తయారుచేసింది. కాలిన మనిషి తొడ నుంచి శనగబద్దంత చర్మం తీసి, అందులోని కణాలను ఆ పొరమీద పెంచి, పుండుమీద పరిస్తే కొత్త చర్మం అల్లుకుంటుంది. అల్లుకున్నకొద్దీ పొర కరిగిపోతుంది. నాలుగు వారాలకు చర్మం మిగులుతుంది, పొర ఉండదు. మామూలు పత్తి ఒంట్లో కరగదు. దాన్ని కరిగేలా చేయడానికే ఆమెకు ఆరేళ్లు పట్టింది.

ఈ లోపాన్ని అధ్యక్షులవారు స్వయంగా కనిపెట్టారు. సంఘం డబ్బుతో నడిచే ఆమె ప్రయోగశాలకు వచ్చి, గాజుగిన్నెలోకి తొంగిచూసి, పొర ఏదని అడిగారు. కరిగిపోయిందని ఆమె సంతోషంగా చెప్పింది.

“రైతు ఆర్నెల్లు పురుగుతో పోరాడి పండించిన పత్తమ్మా ఇది. మీ గిన్నెలో నెల్లాళ్లు కూడా ఆగలేదా?”

అనూష ఓపిగ్గా వివరించింది. స్లాబు వేసేటప్పుడు సెంట్రింగు కడతాం, గట్టిపడ్డాక తీసేస్తాం, ఇదీ అంతేనంది.

“మా మిల్లు స్లాబు సెంట్రింగు తీశాకే కారడం మొదలెట్టిందమ్మా,” అన్నారాయన.

అక్కణ్నుంచి నేరుగా వెళ్లి తీర్మానం రాయించారు.

తీర్మానం అమలుకు ఉపసంఘం వేశారు. దానికి నాయకత్వం వహించడానికి మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్ నడిపే శ్రీమన్నారాయణ గారిని పిలిచారు. మన్నిక గురించి ఆయనకంటే తెలిసినవారు రెండు జిల్లాల్లో లేరు. రసాయనం కలపని మామూలు పత్తి పొరను మిరప కల్లంలో వారం రోజులు ఎండబెట్టారు, ట్రాక్టరుతో తొక్కించారు, చివరకు ఉతికి ఆరేశారు. చెక్కుచెదరలేదు. నూరేళ్లు ఖాయమని ఆయన ధ్రువపత్రం ఇచ్చారు. దానిమీద చర్మం పెరుగుతుందా అన్నది ఉపసంఘం పరిధిలోకి రాదు. పొర ఒంటిమీద శాశ్వతంగా ఉంటుంది కనుక ఒక మూల సంఘం ముద్ర మాత్రం వేయించారు.

లబ్ధిదారుగా నజీరా ఎంపికైంది. మిరప యార్డు దగ్గర కాయల తొడిమలు తీసే కూలి. స్టవ్ పేలి కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది, మూడు నెలలైనా పుండు మానలేదు. గుంటూరు గాలిలోని కారం పచ్చిపుండుకు తగిలితే ఎలా ఉంటుందో ఆమెను ఎవరూ అడగలేదు. ఫొటో మాత్రం తీసుకున్నారు.

ఆస్పత్రి వైద్యుల కమిటీ అనుమతి ఇచ్చింది కరిగే పొరకే. అయినా అనూష రెండు పొరలనూ నజీరాకు చూపించింది. ఇది కరిగిపోతుంది, అది ఉండిపోతుంది, పెద్దవాళ్లు అదే వేయమంటున్నారు అని దాచకుండా చెప్పింది. ఇదే మొదటిసారి మనిషిమీద వేయడం, చర్మం పట్టకపోవచ్చు కూడా అంది.

“పొరను నేనేం చేసుకోనమ్మా,” అంది నజీరా. “నాకు చెయ్యి కావాలి.”

అనూష కరిగే పొరే వేయించింది. ముద్ర ఉన్న పొరను సంగతంతా రాసిన ఉత్తరంతో సంఘానికి తిప్పిపంపింది. సంఘం సన్మాన సభ ఏర్పాట్లలో తలమునకలై ఉండటంవల్ల ఆ కవరు విప్పలేదు. ఆ నాలుగు వారాలూ అనూషకు అన్నం సహించలేదు. పట్టకపోతే తన ఆరేళ్లే కాదు, ఆ చెయ్యీ పోతుంది.

కట్టు విప్పే రోజున సభకు మూడొందల మంది వచ్చారు. జయరావు గారు ప్రసంగించారు.

“ఇనుము తుప్పు పడుతుంది, రాయి అరుగుతుంది. గుంటూరు పత్తి మాత్రం మనిషిని అంటిపెట్టుకుని కాటిదాకా వస్తుంది.”

రాయి ప్రస్తావనకు శ్రీమన్నారాయణ గారు కొంచెం నొచ్చుకున్నారు.

నర్సు కట్టు విప్పింది. మణికట్టు నుంచి మోచేతిదాకా లేత గులాబిరంగు చర్మం. నజీరా వేళ్లు ముడిచింది, చాపింది. చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ చేతితోనే కళ్లు తుడుచుకుంది. అనూష నీళ్లడిగింది.

అధ్యక్షులవారు కళ్లజోడు పెట్టుకుని చేతిమీదకి వంగి చాలాసేపు వెతికారు.

“సంఘం ముద్ర ఏదమ్మా?”

“అది లేదండీ. చర్మం వచ్చింది,” అంది నజీరా.

సభ అర్ధంతరంగా ముగిసింది. మర్నాడే పొర అదృశ్యంపై విచారణ మొదలైంది. విచారణ తేలేదాకా అనూషను కాలేజీ యాజమాన్యం చీరాలలోని తన మరో శాఖకు, నూలుపోగు ఎంత లాగితే తెగుతుందో కొలిచే పనికి పంపింది. సాక్ష్యాధారమైన సదరు చేతిని ఏ మార్పూ లేకుండా భద్రపరచాలని నజీరాకు నోటీసు వచ్చింది. ఆమె ఎవరిచేతనో చదివించుకుని, మడిచి, యార్డుకు పనికి వెళ్లింది. కారం మండలేదు.

విచారణాధికారి సభకు వచ్చిన మనందరి ఇళ్లకూ కాగితం పంపారు. కట్టు విప్పినప్పుడు పొర కనిపించిందా, లేదా అన్నది అందులో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న. నిజం చెప్పడానికి మనకేం భయం? లేదని రాసి సంతకాలు పెట్టాం. మూడొందల సంతకాలూ అనూషకు వ్యతిరేకంగానే పడ్డాయి. చర్మం కనిపించిందా అని మనల్ని ఎవరూ అడగలేదు. కాగితంలో కింద ఖాళీ మాత్రం చాలా ఉంది.