వెండి గ్లాసుకు వైద్యం

భార్య బజారు నుంచి వచ్చేలోగా ఆమె వెండి గ్లాసును తళతళలాడించాలని రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు పొద్దున్నే కంకణం కట్టుకున్నారు. ఆమె చిన్నప్పుడు పాలు తాగిన గ్లాసు అది, ఇప్పుడు నల్లగా మసిబారింది. పీచు పట్టుకుని తోమడం మాస్టారికి నామోషీ.

అల్యూమినియం గిన్నెలో వేడినీళ్ళు పోసి, ఉప్పూ గుప్పెడు వంటసోడా వేసి గ్లాసు ముంచారు. "అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి పుచ్చుకుంటుంది, గంధకం తన దారి తను చూసుకుంటుంది" అని ఖాళీ వంటింటికి పాఠం చెప్పారు. క్లాసు లేక చాలాకాలమైంది, పాపం.

గంధకం తన దారి చూసుకుంది. కుళ్ళిన గుడ్ల కంపుతో కిటికీలోంచి కింది వాటాలోకి దిగింది.

"గ్యాస్ లీకండోయ్!" అంటూ కింది వాటా పిన్నిగారు ముక్కు మూసుకుని వీధిలోకి పరుగెత్తింది. పక్కింటాయన వచ్చి కరెంటు మెయిన్ ఆపేశాడు. దాంతో మెట్ల పక్క సెలూన్‌లో మిషను ఒకాయన తలమీద సగంలో ఆగిపోయింది. ఆ సగం తలతో సహా వీధంతా గుమిగూడింది.

"గ్యాస్ కాదండీ, గంధకం!" అని మాస్టారు కిటికీలోంచి అరిచారు. గంధకమంటే టపాకాయల మందని మాత్రమే తెలిసిన పక్కింటాయన ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశాడు.

బజారు నుంచి వచ్చిన భార్య గుంపును చూసి హడలిపోయింది. సంచీ అక్కడే పడేసి మెట్లెక్కింది. భర్త నిక్షేపంగా ఉన్నాడు. చేతిలో గ్లాసు ధగధగలాడుతోంది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి కూలబడింది.

"మా నాన్న రాత ఏదండీ?"

ఆమె ముద్దుపేరును వాళ్ళ నాన్న మేకుతో గీశాడు. అరిగిన ఆ గీతలు వాటిలో పట్టిన నలుపువల్లే ఇన్నాళ్ళూ కనబడ్డాయి. ఆయన చేతిరాతలో మిగిలింది అదొక్కటే. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన మొహం చూసి ఆమే ముందు తేరుకుంది. "పెళ్ళైన కొత్తలో రైల్లో ఏం చేశారో గుర్తుందా?"

గుర్తులేకేం! ఉడికిన గుడ్లూ ఈ గ్లాసూ ఒకే డబ్బాలో సర్దారు. మూత తీసేసరికి గ్లాసు నల్లబడింది. కొత్త పెళ్ళికూతురు బిక్కమొహం వేస్తే, దిగేదాకా గుడ్డులో గంధకం గురించి పాఠం చెప్పారు.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కిటికీ పక్కన కూర్చుని మీరలా చెబుతుంటే బాగుందంతే" అందామె.

పడేసిన సంచీలో పగలకుండా ఒకే గుడ్డు మిగిలింది. దాన్ని ఉడికించి, ముక్కలు కోసి, గ్లాసుతోపాటు డబ్బాలో పెట్టారు. సాయంత్రానికి వెండి మసకబారింది. ఆమె మెత్తని గుడ్డతో తుడిస్తే పై నలుపు పోయి, గీతల్లోది నిలిచింది. నాన్న మళ్ళీ ముద్దుపేరుతో పిలిచినట్టయింది.

"మరి నా గిన్నె?" అందామె, సోడాకి నల్లబడ్డ అల్యూమినియాన్ని చూపిస్తూ.

మాస్టారు పీచు ఎక్కడుందని అడిగారు.