పంటనష్టం రాసిన కల్నల్

రెండువేల రెండో సంవత్సరం, కరువు. ఆ ఉదయం బుక్కరాయసముద్రంలో లెఫ్టినెంట్ కల్నల్ జయరాముడు కాఫీ తాగి, పామిడి దగ్గరి ఒక పల్లెకు బయల్దేరాడు. సైనిక డివిజన్‌లో ఇంటెలిజెన్స్ విభాగానికి ఆయనే పెద్ద. శత్రువు ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో కనిపెట్టి జనరల్‌కు చెప్పడం ఉద్యోగం. సెలవుల్లో శత్రువులు దొరక్క, కూతురు పద్మప్రియ ఇష్టపడిన లెక్చరర్ ప్రవీణ్ కుటుంబం మీద పడ్డాడు.

"పోయి కూచోని అడిగితే వాళ్లే చెప్తారు కదా," అంది భార్య కదిరమ్మ. అడిగితే తెలిసేది అసలు సమాచారమే కాదని ఆయన సిద్ధాంతం. మామూలు చొక్కా వేసుకుని, పేరు చెప్పకుండా, నోటుపుస్తకంతో పల్లెలో దిగాడు.

వేరుశనగ ఎండిపోయిన ఏడాది నోటుపుస్తకంతో ఊళ్లోకి వచ్చినవాణ్ణి జనం ఏమనుకుంటారో సైన్యం ఆయనకు నేర్పలేదు. ప్రవీణ్ తండ్రి బయ్యన్నకు ఎంత పొలముందని టీకొట్టు కరీం సాబ్‌ను అడగ్గానే, పంటనష్టం రాసే సారు వచ్చాడని ఊరంతా పాకిపోయింది. అలాంటి సారు ముందు బాగున్నామని చెప్పుకునే వెర్రివాళ్లు ఆ ఊళ్లో లేరు. బయ్యన్న బతుకు బూడిదైందన్నాడు కరీం సాబ్. ఆ ఇంట్లో పొయ్యి వెలిగి నాలుగు రోజులైందని పక్కింటి గంగక్క కళ్లొత్తుకుంది. చివరికి బయ్యన్నే పరుగెత్తుకొచ్చాడు.

"బోరు ఎండిపాయ సార్. ఎద్దుల్ని అమ్మేసినా. కొడుకొకడు ఉండాడు, ఊరకే తిరుగుతాడు. రాసుకోండి."

జయరాముడు పొల్లుపోకుండా రాసుకున్నాడు. కన్నతండ్రే ఈ మాటన్నాక, లెక్చరరని చెప్పిన కూతురి మాట ఎవరిక్కావాలి? ఇంటికొచ్చి సంబంధం రద్దని ప్రకటించాడు. పద్మప్రియ అన్నం మానేసింది. కదిరమ్మ మొగుణ్ణి లెక్కచెయ్యకుండా బయ్యన్నను ఆదివారం భోజనానికి పిలిచింది.

బయ్యన్న ఇస్త్రీ పంచెతో సొంత జీపులో దిగాడు. గడపలో జయరాముణ్ణి చూసి కొయ్యబారిపోయాడు. జరిగింది ఒప్పుకోక కల్నల్‌కు తప్పలేదు. చాటుగా ఆరా తీసినందుకు పెళ్లి చెడిపోతుందని పద్మప్రియ భయం. బయ్యన్న బాధ వేరు.

"అయితే జాబితాలో మమ్మల్ని ఎక్కించలేదా?"

లేదన్నాడు జయరాముడు.

"మొన్న నిజం సార్లు వచ్చినారన్నా. మా ఊరు రాసుకోని పోయినారని మేమే ఎనక్కి పంపిస్తిమి. ఊరికి ఊరే మునిగిపాయ. ముందు మమ్మల్ని ఎక్కించు. పెండ్లి మాట ఆ తర్వాత."

సోమవారం కల్నల్ మండలాఫీసు వరండాలో వరసలో నిలబడ్డాడు. ఊరి అర్జీలో మొదటి పేరు బయ్యన్నదే. అతను గతిలేనివాడని ఎరిగిన పెద్దమనిషెవరైనా సంతకం పెట్టాలన్నాడు గుమాస్తా. బయట జీపులో కునుకుతీస్తున్న కాబోయే వియ్యంకుణ్ణి ఒకసారి చూసి, జయరాముడు హోదాతో సహా సంతకం పెట్టాడు.

తప్పని తెలిసీ ఆయన ఇచ్చిన మొదటి సమాచారం అది. పైవాళ్లు ఒక్క ప్రశ్నా వెయ్యకుండా నమ్మిన మొదటిది కూడా అదే.