యాభై దాటితే వణుకు

సోమవారం పొద్దున చంద్రకాంత్ వేసుకున్న పథకం చిన్నదే. వికారాబాద్‌లో ఇంటికి తాళం వేయడం, తాండూరు చేరి కారును బీరన్న షెడ్డులో చూపించడం, తాను లెక్కలు రాసే బండల పాలిష్ ఫ్యాక్టరీకి వేళకు చేరడం, సాయంత్రం వణుకు లేని కారులో తిరిగి రావడం.

వణుకు మొదలై రెండు నెలలైంది. ఆ పాత తెల్లకారు యాభై దాటితే చాలు, గర్‌ర్‌మని సన్నగా వణికేది. ఎక్కడి నుంచో తెలిసేది కాదు. ధారూరు దాటాక చంద్రకాంత్ స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, వణుకుతున్నది ఇదేనేమో అని చూసుకునేవాడు. ఆయనకూ యాభై దాటింది. పెళ్లి మాట ఎప్పుడో దాటిపోయింది. ఒంటరిగా ఉండే మనిషికి ఏది కారు వణుకో ఏది ఒంటి వణుకో విడదీసి చెప్పేవాళ్లు ఉండరు.

అంతకుముందు ఏళ్ల తరబడి పక్క సీట్లో యాకోబు ఉండేవాడు. అదే ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్. దారి పొడవునా పల్లీలు ఒలిచి పొట్టు కింద రాలుస్తూ మోకాలి నొప్పి కథలు చెప్పేవాడు. ఆయన రిటైరైన రోజు చంద్రకాంత్ నవ్వుతూనే, "ఇగ నా కారు సాఫ్‌గుంటది అన్నా" అన్నాడు. యాకోబు నవ్వలేదు. ఇళ్ల మధ్య రెండు వీధుల దూరమే. అయినా ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ చేయలేదు.

మెకానిక్ బీరన్న ఇదివరకే చక్రాలు సరిచేశాడు, ఇంజిను కింది రబ్బర్లు మార్చాడు. ప్రతిసారీ చంద్రకాంత్‌ను పక్కన కూర్చోబెట్టుకొని నడిపి చూశాడు. చప్పుడు రాలేదు.

"బండి మంచిగున్నది సార్. మీరే జర డాక్టర్‌కు సూపెట్టుకోండ్రి."

ఆ మాట లోపలికి దిగింది. చంద్రకాంత్‌కు సాక్షి కావలసి వచ్చింది. ముందు తన ఆఫీసులో పనిచేసే నిరోషాను ఎక్కించుకున్నాడు. "చెవులు పెట్టి ఇన్న సార్. ఏం లేదు" అని ఆ పిల్ల జాలిగా చూసింది. తర్వాత తాండూరు బస్టాపులో కూరగాయల గంపతో నిలబడ్డ శంకరమ్మను పిలిచాడు.

"పైసలొద్దమ్మా. ఏమన్న ఇనబడితే చెప్పు, చాలు."

"నువ్వు మాట్లాడేదే ఇనబడుతున్నది నాయనా" అంది శంకరమ్మ. దిగాక ఊరంతా చెప్పింది.

మర్నాడు బస్టాపులో నలుగురు కాచుకొని ఉన్నారు. ఆ వారమంతా కారు నిండుగా తిరిగింది, చప్పుడు మాత్రం రాలేదు. పైసలు తీసుకోకుండా జనాన్ని తిప్పుతూ, "ఏమన్న ఇబ్బందున్నదా?" అని వినయంగా అడిగే మనిషిని చూసి తాండూరుకు ఒకటే అర్థం తోచింది. మున్సిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడుతున్నాడు.

అందుకే ఈ సోమవారం, ట్రయల్ కోసం బీరన్న పక్కన కూర్చోబోతుండగా ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. సేటు వెంటనే రమ్మన్నాడు. చంద్రకాంత్ ఆటో ఎక్కాడు; ట్రయల్‌కు బీరన్న ఒక్కడే కారు తీసుకొని పోయాడు.

సేటు హనుమంతు కుర్చీలో ముందుకు వంగాడు. "ఏం చంద్రకాంత్, మా ఇంటామె మనోరమ మీదనే నిలబడుతున్నవంట?"

"నేనా సార్?"

"ఉండేది వికారాబాద్‌ల, నిలబడేది తాండూర్లనా? పబ్లిక్‌ను ఇబ్బందులు అడుగుతున్నవంట గద?"

"కారు ఇబ్బంది అడుగుతున్న సార్."

"గివన్నీ నాకు చెప్పకు. నీ ఎన్క ఎవరున్నరు?"

"ఎన్క ఎవరు లేరు సార్" అన్నాడు చంద్రకాంత్. మళ్లీ తనే, "పక్కన గూడ ఎవరు లేరు" అన్నాడు.

అప్పుడే తలుపు తోసుకొని బీరన్న వచ్చాడు. "సార్, వచ్చింది!"

"ఏంది, టికెటా?" అని హనుమంతు లేచి నిలబడ్డాడు.

"సప్పుడు! నేనొక్కన్నే నడిపితే వచ్చింది. పక్క సీటుకు కింద బోల్టు లేదు సార్. సీటు ఖాళీగుంటే కొట్టుకుంటది. మనిషి కూసున్నడంటే బంద్."

హనుమంతు ఊపిరి పీల్చుకొని అందరికీ చాయ్ చెప్పాడు. బీరన్న అరచేతిలో కొత్త బోల్టు చూపించాడు. "అయిదు నిమిషాల పని. బిగియ్యన్నా?"

వణుకు తనది కాదని తేలింది. తేలికపడాలి. కానీ రేపటి నుంచి కారులో ఎవరినైనా ఎక్కమని పిలవడానికి కారణమంటూ ఏదీ మిగలదు. చంద్రకాంత్ బోల్టు తీసుకొని జేబులో వేసుకున్నాడు. "నేను బిగించుకుంట."

సాయంత్రం వికారాబాద్ చేరి, తన వీధి దాటి, యాకోబు ఇంటి ముందు కారు ఆపాడు.

"అన్నా, కారుల ఏదో సప్పుడొస్తున్నది. జర ఇని చెప్పు."

"సాఫ్‌గుంటదంటివి గద?"

"సాఫ్‌గనే ఉన్నదన్నా. గదే ఫికర్."

యాకోబు లోపలికి పోయి పల్లీల పొట్లం తెచ్చుకున్నాడు. అనంతగిరి రోడ్డు మీద కారు యాభై దాటింది. అరవై అందుకుంది. ఏ చప్పుడూ లేదు.

"ఏడొస్తున్నది?"

"వస్తది. ఇంకొంచెం దూరం పోవాలె."

యాకోబు సీటు కింద తడిమి చూశాడు. "గీ బోల్టు ఊడి మూడేండ్లాయె. నీకు తెల్వదా?"

"ఇయ్యాలనే తెలిసింది."

"మరి బిగియ్యలేదేంది?"

జేబులో బోల్టు తొడకు గుచ్చుకుంది. "గా సైజు దొర్కుతలేదంట అన్నా."

యాకోబు ఒక పల్లీ ఒలిచి పొట్టు కింద రాల్చాడు.

"అవ్, గా సైజు ఏడ దొర్కది" అన్నాడు, ఫ్యాక్టరీలో ప్రతి సైజు బోల్టునూ ఉద్యోగమంతా తన చేత్తో ఇచ్చిన స్టోర్‌కీపర్.