తువ్వాలు వేసిన సీటు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికి ఓ ఆఫీసైనా లేకపోతే బాగుండదు గనక, ఏట్లో నీళ్లు తాగడానికి చీటీలు రాసిచ్చే ఆఫీసు ఉండేది. హెడ్ గుమాస్తా చిదంబరం అనే కొండముచ్చు. తొమ్మిదేళ్లు కొమ్మలు పట్టుకు వేలాడి, ఆఖరికి నున్నటి బండరాయి సీటు సంపాదించాడు.

ఆ ఆఫీసులో ఓ ఆచారం. పనివేళల్లో ఖాళీ అయిన సీటు మీద ఎవరు ముందు తువ్వాలు వేస్తే సీటు వాళ్లదే, మన బస్సుల్లో లాగే. అందుకని చిదంబరం పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. ఎదురుగా నక్క గవర్రాజు భుజాన తువ్వాలుతో కాచుక్కూర్చునేవాడు.

ఆరు నెలలకి చిదంబరానికి తోక మొదట్లో నొప్పి పట్టుకుంది. కూర్చుంటే పోటు, లేవబోతే అంతకన్నా పోటు.

"కాసేపలా తిరిగి రండి గురువుగారూ! సీటు నేను చూస్తుంటాగా," అన్నాడు గవర్రాజు.

"నువ్వు చూస్తావనే నాయనా నా భయం!"

ఎలుగుబంటి వైద్యుడు పేరిశాస్త్రి ఆఫీసుకే వచ్చి నొక్కి చూశాడు. చిదంబరం కెవ్వుమన్నాడు.

"ముడ్డిపూస నలిగిందయ్యా. కింద రాయి, పైన నువ్వు, మధ్యలో అదేం చేస్తుంది పాపం? వేడి కాపడం పెట్టు. జారగిలబడకుండా కాస్త ముందుకి వంగి కూర్చో. పూస ఆనేచోట ఖాళీ వదిలిన దూదిమెత్త వేసుకో. ముఖ్యంగా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది."

"లేవకుండా తగ్గే మందేదైనా ఇవ్వండి, శాస్త్రిగారూ."

"అదే ఉంటే ఈపాటికి సింహంగారికి అమ్ముకునేవాణ్ణి కదటయ్యా!"

చిదంబరం రెండ్రోజులు ఆలోచించి ఓ ఆర్డరు రాశాడు. సిబ్బంది ఆరోగ్యార్థం అరగంటకోసారి గంట మోగుతుంది, అందరూ లేచి మద్దిచెట్టు దాకా నడిచి రావాలి. అందరూ ఒకేసారి లేస్తే ఇక సీటు లాక్కునేదెవరు? తన తెలివికి తనే మురిసిపోయాడు. సింహాసనం దిగని సింహంగారూ అదే బాధలో ఉన్నారు గనక చదవకుండానే ముద్ర గుద్దేశారు.

మొదటి గంట మోగింది. వెళ్లేటప్పుడు అందరూ వరసగానే వెళ్లారు. వచ్చేటప్పుడే తొక్కిసలాట. అడవిపంది దుప్పి సీట్లో పడింది, దుప్పి కుందేలు సీట్లో పడింది. గంట కొట్టిన గాడిద కూడా దొరికినచోట తువ్వాలు వేసేసింది. కుంటుకుంటూ వచ్చిన చిదంబరానికి బండరాయి మీద గవర్రాజు కనిపించాడు.

"మీ ఆర్డరు చలవే గురువుగారూ!"

ఆ తర్వాత గంట మోగినా ఎవరూ లేవలేదు. ఆర్డరులో ఉంది గనక గంట మాత్రం మోగాల్సిందే. మిగిలిన ఉద్యోగం అదొక్కటే. చేసేదేముంది, చిదంబరం ఆఫీసంతా తిరుగుతూ గంట కొట్టాడు. నెలన్నర తిరిగేసరికి నొప్పి మాయం. ఎగిరి కొమ్మ అందుకున్నాడు, హాయిగా ఊగాడు. సీటు కోసం వేలాడిన తొమ్మిదేళ్లలోనూ ఇంత సుఖం ఎరగడు.

ఓ రోజు గవర్రాజు పళ్లు బిగబట్టి పిలిచాడు. "గురువుగారూ, కాస్త పేరిశాస్త్రిగారికి కబురు పెడతారా?"

చిదంబరం కడుపుబ్బా నవ్వాడు. కబురు పెట్టి, నేరుగా ఏటికి వెళ్లి, రేపో మాపో పనికొస్తుందని తన తువ్వాలు ఉతికి ఆరేసుకున్నాడు.

నీతి: సీటు పోతేగానీ నొప్పి పోదు, నొప్పి పోయాక తువ్వాలు ఉతుక్కోనివాడు లేడు.