ఏమీ చెయ్యకూడని ఆదివారం

ఆ శనివారం ఉదయం సీతారామరాజుగారి కార్యక్రమం చాలా మామూలుది. ఎనిమిదింటికి ఇడ్లీ తినాలి. తొమ్మిదింటికి రొయ్యల చెరువుల మీదికి వెళ్లి మేత చూసుకోవాలి. పదకొండింటికి కాలేజీకి వచ్చి ఎవరో ఒకరిని కేకలెయ్యాలి. మధ్యాహ్నం పడుకోవాలి.

ఆయన శ్రీ లక్ష్మీనరసమ్మ డిగ్రీ కాలేజీకి కరస్పాండెంట్. తణుకు దాటాక కాలవ గట్టు వెంట కొంత దూరం వెళ్తే ముందు ఆయన ఫ్లెక్సీలు, ఆ తర్వాత కాలేజీ కనిపిస్తాయి. లక్ష్మీనరసమ్మ ఆయన భార్య. బతికున్న మనిషి పేరు కాలేజీకి పెట్టారేమిటని ఎవరో అడిగితే, "పోయేదాకా ఆగమంటారేంటండి?" అని ఎదురడిగిన మనిషి. చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ రెండో పేజీ దాకా చదవకపోవడం ఆయన జీవితంలో పాటించిన ఏకైక క్రమశిక్షణ.

ఇడ్లీ మూడోది విరుస్తుండగా జాషువా వచ్చాడు. జాషువా ఆ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్. తొమ్మిదేళ్లుగా ఉన్నాడు, తొమ్మిదేళ్లుగా తాత్కాలికమే. చంకలో లీగ్ నిబంధనల పుస్తకం ఉంది. మొహంలో ఎన్నడూ లేని వెలుగు ఉంది.

"సార్, మనకి దారి దొరికిందండి!"

"ఏ దారండి మేష్టారూ? కూర్చోండి. ఇడ్లీ తినండి."

ఆ దారి ఎందుకు మూసుకుపోయిందో ముందు చెప్పాలి. నిరుడు గోదావరి కాలేజీల ఫుట్‌బాల్ లీగ్‌లో రాజుగారి కాలేజీ బి డివిజన్ కప్పు గెలిచింది. కప్పు బాగుంది గానీ, బి అనే అక్షరం ఆయనకి నచ్చలేదు. ఫ్లెక్సీ మీద అది చిన్నతనంగా కనిపించింది. జాషువా వద్దంటున్నా వినకుండా, మమ్మల్ని 'ఏ' డివిజన్‌లోకి మార్చండంటూ దరఖాస్తు పెట్టేశాడు. పై డివిజన్‌కి మారిన జట్టు రెండేళ్లపాటు ఫైనల్స్ ఆడకూడదన్న సంగతి రెండో పేజీలో ఉంది. కాబట్టి ఆయనకి తెలియలేదు.

తెలిశాక తప్పు జాషువాది అయింది. "జట్టు ఈ ఏడాది ఫైనల్స్ ఆడితే మీకు పర్మనెంట్ ఆర్డరండి. ఆడకపోతే వేసవి సెలవుల తర్వాత మీరు రానక్కర్లేదండి," అన్నాడు రాజుగారు. భీమవరం వైపు మర్యాద అది. ఉద్యోగం పీకేసేటప్పుడు కూడా అండీ అంటారు.

ఇప్పుడు జాషువా పుస్తకం తెరిచి తొమ్మిదో నిబంధన మీద వేలు పెట్టాడు.

"ఫైనల్స్‌కి నాలుగు జట్లు కావాలండి. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచిన జట్టుకే అర్హత. అలాంటివి నాలుగు దొరక్కపోతే, మిగిలిన చోటు కొత్తగా పైకొచ్చిన జట్టుకి ఇవ్వచ్చన్నాడు. మనం నాలుగు గెలిచాం. అర్హత ఉన్నవి ఇప్పటికి కాకినాడ, రాజమండ్రి, రెండే. రేపు నరసాపురానికీ కడియానికీ ఆఖరి మ్యాచ్. ఇద్దరికీ మూడేసి గెలుపులు. ఎవరు గెలిస్తే వాళ్లు మూడో జట్టు. ఓడినవాళ్లు ఇంటికి. నాలుగో చోటు మనదండి!"

"ఎవరు గెలిచినా మనదేనా?"

"ఎవరు గెలిచినా మనదేనండి. ఒక్క డ్రా మాత్రం అవ్వకూడదు. రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం అని పదకొండో నిబంధనలో ఉంది. వాళ్లిద్దరికీ ఇదివరకే చెరో డ్రా ఉంది. రేపు కూడా డ్రా అయితే ఇద్దరికీ అర్హత వచ్చేస్తుందండి. మనం..."

రాజుగారు తొమ్మిదో నిబంధన దగ్గరే ఆగిపోయాడు. ఆయన కళ్ల ముందు అప్పటికే ఒక ఫ్లెక్సీ ఎగురుతోంది.

"అయితే ఇప్పుడు మనం చెయ్యాల్సిందేంటండి?"

"ఏమీ లేదండి," జాషువా చేతులు జోడించాడు. "దండం పెడతాను సార్, రేపు సాయంత్రం దాకా ఏమీ చెయ్యకండి."

ఏ మనిషికైనా అది తేలికైన పని. రాజుగారికి మాత్రం అసాధ్యం. తొమ్మిదిన్నరకల్లా ఆయన చెరువుల మీద లేడు, తణుకులో ఫ్లెక్సీ షాపులో ఉన్నాడు.

"ఏ డివిజన్ ఫైనల్స్‌లో మన కాలేజీ" అని రాయించాడు. కింద బంతి బొమ్మ. పక్కన తన ఫొటో.

"ఫొటో ఎంత సైజండి?" అన్నాడు షాపువాడు.

"గుమ్మం తలుపంత ఉండాలండి. మీసం స్పష్టంగా రావాలి."

షాపువాడు వ్యాపారం తెలిసినవాడు. ప్రతి ఫ్లెక్సీనీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాడు. పావుగంటలో అది నరసాపురం చేరింది. మరో అయిదు నిమిషాల్లో నరసాపురం కాలేజీ ప్రిన్సిపాల్ సూర్యకళ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏంటి రాజుగారూ ఇది? మా మ్యాచ్ రేపు కదా, మీరు ఇవాళే ఫైనల్స్‌కి వెళ్లిపోయారేంటి? మేం ఓడిపోతామని మీకు ముందే ఎవరు చెప్పారు? దీన్ని యూనివర్సిటీకి పంపిస్తాను."

తప్పు ఒప్పుకోవడం రాజుగారి వంశంలో లేదు. అబద్ధం మాత్రం సమయానికి అందింది.

"అపార్థం చేసుకున్నారండి మేడమ్. అది మీకు స్వాగతం ఫ్లెక్సీ. ఇంత ముఖ్యమైన మ్యాచ్ కదా, ఎవరికీ చెందని గ్రౌండ్‌లో పెడితే బాగుంటుందనుకున్నాను. రెండు జట్లూ రేపు మా గ్రౌండ్‌కి రావాలి. భోజనాలు కూడా మావేనండి."

భోజనాలు అన్న మాట సూర్యకళ కోపం మీద పనిచేసింది. "కడియం వాళ్లు ఒప్పుకోవాలి కదండీ," అంది.

కడియం ప్రిన్సిపాల్ జగన్నాథరావు అడక్కముందే ఒప్పుకున్నాడు. నర్సరీల ఊరు కదా, వాళ్ల గ్రౌండ్‌లో ఆ వారమంతా మొక్కల లారీలు ఆగి ఉన్నాయి. సగం పెనాల్టీ బాక్స్‌లో కొబ్బరి మొక్కలు, మిగతా సగంలో మందారాలు. మ్యాచ్ ఎక్కడ పెట్టాలా అని ఆయన రాత్రింబవళ్లు మథనపడుతున్నాడు.

"మీరు దేవుడండి రాజుగారూ," అన్నాడు.

దేవుడన్నాక ఊరుకోవడం ఎలా? రాజుగారు కాకినాడలోని యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు కార్యదర్శి ఉదయభాస్కర్‌ని ముఖ్య అతిథిగా పిలిచాడు. ముఖ్య అతిథి వస్తే సభ ఉండాలి. సభ ఉంటే ఎవరికో ఏదో ఇవ్వాలి. ఏమివ్వాలా అని ఆలోచించి, జాషువా పర్మనెంట్ ఆర్డర్ టైప్ చేయించాడు.

సాయంత్రం ఆ కాగితం చూసి జాషువా నోరు తెరిచాడు. "ఇందులో 'ఫైనల్స్ ఆడిన పక్షంలో' అన్న మాట కొట్టేశారేంటండి?"

"స్టేజీ మీద చదివేటప్పుడు 'ఆడిన పక్షంలో' అంటే దరిద్రంగా ఉంటుందండి మేష్టారూ. జనం చప్పట్లు కొట్టరు."

"అది సరేనండి. మ్యాచ్ ఇక్కడ పెట్టడమేంటి? భోజనాలేంటి? నేను చెప్పిందేంటి?"

"ఏమీ చెయ్యొద్దన్నారు. నేనేం చేశానండి? అతిథులకి అన్నం పెట్టడం కూడా చెయ్యడమేనా?"

జాషువాకి ఆ రాజుల ఇళ్ల అన్నం సంగతి తెలుసు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించే ఇళ్లవి. వంటింటి వైపు పరిగెత్తాడు. లక్ష్మీనరసమ్మగారు నలుగురు వంటవాళ్లని ఎదురుగా నిలబెట్టి రేపటి సైన్యాన్ని నడుపుతోంది.

"అమ్మగారూ, భోజనాలు మ్యాచ్ అయ్యాక పెట్టించండమ్మా."

"ఏం బాబూ, పిల్లలు ఖాళీ కడుపులతో పరిగెత్తాలా? మా ఇంట్లోనా?"

"పోనీ, పెరుగన్నం చాలమ్మా."

ఆవిడ జాషువాని జాలిగా చూసింది. "ఒంట్లో బాగాలేదా బాబూ?" అంది.

ఆదివారం పదింటికి మొదలవ్వాల్సిన మ్యాచ్ పదింటికి మొదలవ్వలేదు. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చాడు. రాజుగారు నలభై నిమిషాలు మాట్లాడాడు. ఫుట్‌బాల్‌లో తన ప్రవేశం గురించి ఇరవై నిమిషాలు, రొయ్యల్లో తన ప్రవేశం గురించి మరో ఇరవై. గోల్‌పోస్టుల వెనక రెండు సరుగుడు బాదుల మీద, అక్షరాలు 'స్వాగతం' అని మార్పించి కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫొటో అన్నీ వింటున్నట్టు నవ్వుతోంది. జాషువాకి ఆర్డర్ ఇచ్చారు. ఉదయభాస్కర్ దాన్ని గట్టిగా చదివి, రెండో ప్రతి మీద సాక్షి సంతకం చేసి, యూనివర్సిటీ ఫైల్ కోసం సంచిలో పెట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. రాజుగారి లెక్క తప్పలేదు.

తర్వాత విస్తళ్లు పరిచారు.

కోడి పులావు వచ్చింది. రొయ్యల వేపుడు వచ్చింది. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, నాటుకోడి పులుసు వచ్చాయి. బొబ్బట్లు వచ్చాయి, వాటి మీద నెయ్యి గిన్నెతో కాదు, చెంబుతో వచ్చింది. లక్ష్మీనరసమ్మగారు స్వయంగా వరసలు తిరిగింది.

"ఇంకొక్క బొబ్బట్టు."

"వద్దండి అమ్మగారూ, ఆడాలండి," అన్నాడు కడియం ఫార్వర్డ్ వెంకన్న.

"ఆడేవాడివి కాబట్టే రెండు వేశాను నాయనా."

జాషువా రెండు వరసల మధ్య పిచ్చివాడిలా తిరిగాడు. "తినకండర్రా! ఒరేయ్, మీ కాలేజీ పరువర్రా!" అన్నాడు. రాజుగారు అతన్ని పక్కకి లాగాడు. "అతిథుల్ని తినొద్దంటారేంటండి మేష్టారూ? మన పరువేం కాను?"

రెండున్నరకి మ్యాచ్ మొదలైంది. మొదలైందని రిఫరీ ఈల వెయ్యడం వల్ల తెలిసింది. ఆటగాళ్ల వల్ల తెలియలేదు. ఇరవై రెండు మంది గ్రౌండ్‌లో గర్భిణీ స్త్రీలలా జాగ్రత్తగా నడుస్తున్నారు. బంతి దగ్గరికొస్తే తన్నుతున్నారు, రాకపోతే దానికోసం వెళ్లడం లేదు. నరసాపురం గోల్‌కీపర్ పోస్టుకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంటర్వెల్‌లో దాహం తీరడానికి లక్ష్మీనరసమ్మగారు గడ్డపెరుగుతో లస్సీ పంపించింది. గ్లాసు అడుగున మీగడ కూడా వేయించింది.

రెండో సగానికి అంతా మరీ నెమ్మదించింది. జాషువా గీత వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెడుతున్నాడు. ఆ మధ్యాహ్నం పరిగెత్తిన మనిషి అతనొక్కడే.

"కొట్టండర్రా! ఎవరో ఒకరు కొట్టండి! మీరు కొట్టినా పర్లేదు, వాళ్లు కొట్టినా పర్లేదు!"

"ఈయన ఎవరి వైపండి?" అని ముఖ్య అతిథి అడిగాడు.

"క్రీడాస్ఫూర్తండి," అన్నాడు రాజుగారు గర్వంగా. "మా కాలేజీలో అందరికీ అలాగే నేర్పుతాం."

ఇంకా రెండు నిమిషాలుంది. అప్పుడు వెంకన్నకి బంతి దొరికింది. ఎదురుగా ఎవరూ లేరు. ఉన్నవాళ్లు కూర్చుని ఉన్నారు. గోల్‌కీపర్ నిద్రలో ఉన్నాడు. వెంకన్న పొట్ట పట్టుకుని, పళ్లు బిగించి, ఉన్న కాస్త ఓపికా కూడగట్టి తన్నాడు. బంతి నెమ్మదిగా, వంకర లేకుండా, తెరిచి ఉన్న గోల్ వైపు దొర్లింది. జాషువా రెండు చేతులూ పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే కాలవ వైపు నుంచి గాలి వీచింది.

గుమ్మం తలుపంత ఫొటో కదా, గాలికి బాగా పట్టింది. సరుగుడు బాదులు ఒకసారి మూలిగాయి. ఫ్లెక్సీ గోల్‌పోస్టు మీదుగా ముందుకు వాలి, గీత మీద పరుచుకుంది. బంతి వచ్చి రాజుగారి ఎడమ మీసానికి తగిలి, ఆగిపోయింది.

రిఫరీ ఈల వేశాడు. "బయటి వస్తువు అడ్డం పడిందండి. గోల్ కాదు," అన్నాడు. బంతి చేత్తో కింద వదిలి మళ్లీ ఆట మొదలుపెట్టాడు. దాన్ని తన్నడానికి ఎవరూ రాలేదు. రెండు నిమిషాలూ అయిపోయాయి. సున్నా, సున్నా.

జాషువా ఉన్నచోటే గడ్డిలో కూలబడ్డాడు. రాజుగారు మాత్రం మైకు అందుకున్నాడు. "ఎవరూ ఓడలేదండి! మా ఇంటికొచ్చినవాళ్లు ఓడి వెళ్లరు!"

ఉదయభాస్కర్ లేచి పాయింట్ల పట్టిక విప్పాడు. "పదకొండో నిబంధన ప్రకారం రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం. కాబట్టి నరసాపురం, కడియం జట్లు రెండూ అర్హత సాధించాయి. ఫైనల్స్‌కి నాలుగు జట్లూ పూర్తయ్యాయి. అభినందనలు."

సూర్యకళ ఆనందంతో జగన్నాథరావుకి నమస్కారం పెట్టింది. జగన్నాథరావు రాజుగారిని కౌగిలించుకున్నాడు. "నేనన్నాను కదండీ, మీరు దేవుడని!"

రాజుగారికి విషయం వెంటనే ఎక్కలేదు. "మరి మేమండి?" అన్నాడు.

"మీకు వచ్చే ఏడాది కూడా ఆగాల్సి ఉంటుందండి," అన్నాడు ఉదయభాస్కర్. "భోజనం మాత్రం అద్భుతం."

జనం వెళ్లిపోయాక రాజుగారు జాషువా దగ్గరికి వచ్చాడు. మొహం ఉడికిన రొయ్యలా ఉంది. "ఇదంతా ఏంటండి? మనం ఓడలేదు కదా, అసలు ఆడనే లేదు కదా!"

"నిన్న ఇడ్లీ తింటుండగా చెప్పానండి. మీరు వినలేదు."

"సరే. ఆ ఆర్డర్ ఇలా ఇచ్చెయ్యండి. ఫైనల్స్ ఆడితేనే అన్నాను కదా."

జాషువా లేచి ప్యాంటుకంటిన గడ్డి దులుపుకున్నాడు. ఆర్డర్‌ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి తొందరపడకుండా మాట్లాడాడు.

"అందులో ఆ మాట లేదండి. మీరే కొట్టేశారు. రెండో ప్రతి కార్యదర్శిగారి సంచిలో కాకినాడ వెళ్లిపోయింది."

"చప్పట్ల కోసం కొట్టించానండి, అంతే! కాగితం నేను పూర్తిగా చదవలేదు!"

"తెలుసండి. రేపు సోమవారం. ఏడింటికి ప్రాక్టీసుందండి, వెళ్లొస్తాను."

వెనక నుంచి లక్ష్మీనరసమ్మగారు పిలిచింది. "బాబూ జాషువా, నువ్వు తిననే లేదు. రా, విస్తరెయ్యమంటాను." జాషువా వెళ్లి నాలుగు బొబ్బట్లు తిన్నాడు. అతనికి ఆ రోజు ఇంక పరిగెత్తే పని లేదు.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు రాజుగారి చెరువు గట్టున మేత బస్తాల మీద కప్పి ఉంది. ఆ ఏడాది ఆ కాలేజీ గ్రౌండ్‌లో గోల్ అడ్డుకున్న మొహాల్లో అంత స్పష్టమైన మీసం ఇంకొకటి లేదు.